మూడోసారి జీఆర్‌ఈ రాస్తే ఫైల్లో మచ్చ పడుతుందా?

పల్నాడు జిల్లా నుంచి ఒక అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. పేరూ ఊరూ బయటపెట్టొద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది, అందులోని ముఖ్యమైన సంగతులు చెబుతాను.

జేఎన్‌టీయూ కాకినాడ అనుబంధ కాలేజీలో ఈసీఈ చదివారు. సీజీపీఏ 7.4. మూడో సంవత్సరంలో ఒక బ్యాక్‌లాగ్ ఉంటే సప్లిమెంటరీలో పాసయ్యారు. రెండేళ్లుగా హైదరాబాద్‌లో హాస్టల్లో ఉంటూ ఓ ఐటీ కంపెనీలో టెస్టింగ్ పని చేస్తున్నారు. వచ్చే ఆగస్టులో అమెరికా వెళ్లి కంప్యూటర్ సైన్స్‌లో ఎంఎస్ చేయాలని కోరిక.

జులైలో మొదటిసారి జీఆర్‌ఈ (అమెరికాలో పీజీ ప్రవేశాలకు అడిగే పరీక్ష) రాస్తే వెర్బల్‌లో, అంటే ఇంగ్లిష్‌లో 152, క్వాంట్‌లో, అంటే లెక్కల్లో 155 వచ్చాయి. కలిపితే 307. వ్యాసానికి 3.5. ‘నాలుగు యూనివర్సిటీలకు ఉచితంగా పంపొచ్చు, వదులుకోవద్దు’ అని కన్సల్టెన్సీలో చెప్పి ఉండటంతో పరీక్ష కేంద్రంలోనే నాలుగు పేర్లు ఎంచుకుని పంపేశారు. ఇంట్లో మాత్రం పరీక్ష వాయిదా వేసుకున్నానని చెప్పారు. ఆ తర్వాత మూడు నెలలు క్వాంట్ మీదే కూర్చున్నారు, వెర్బల్ పుస్తకం ముట్టుకోలేదు. అక్టోబరు 18న తన జీతంలోంచి ఫీజు కట్టి మళ్లీ రాశారు. క్వాంట్ 164కి పెరిగింది, వెర్బల్ 147కి పడిపోయింది. మొత్తం 311, వ్యాసానికి 3. ఈ స్కోరును మరో నాలుగు యూనివర్సిటీలకు పంపారు.

నాన్నగారు పురుగుమందుల దుకాణంలో గుమస్తా. ఆయనకు 311 ఒక్కటే తెలుసు. ‘మా అమ్మాయికి మొదటిసారే ఇంతొచ్చింది’ అని చుట్టాలకు చెప్పుకుంటున్నారట. డాలస్‌లో ఉన్న పెదనాన్న కొడుక్కి 322 వచ్చిందని అటునుంచి జవాబు వస్తోందట. అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు, ‘రెండుసార్లు రాయడమే ఎక్కువ, మూడోసారి రాస్తే ఫైల్లో రిమార్క్ పడుతుంది’ అన్నారు. ఇంకో చోట, ‘320 దాటకపోతే మంచి అడ్మిట్ రాదు. మూడోది రాయి, బాగా రాయలేదనిపిస్తే అక్కడే క్యాన్సిల్ కొట్టు’ అన్నారు. ఫామ్‌లో ఎన్నిసార్లు రాశారని అడిగితే ఒక్కసారే అని పెట్టమని కూడా వాళ్లే చెప్పారు. ‘మొదటి వెర్బల్, రెండో క్వాంట్ కలిపితే 316 అవుతుంది కదా, అలా పంపే వీలుందా? మూడోసారి రాయనా, మాననా? రాస్తే మొదటి స్కోరు బయటపడి నాన్న పరువు పోతుందా?’ అని అడుగుతున్నారు.

అమ్మా,

మిమ్మల్ని ఎక్కువ భయపెట్టిన విషయం ముందు తేల్చేద్దాం. మూడోసారి రాసినంత మాత్రాన ఫైల్లో ఏ మచ్చా పడదు. మీరు ఏ తేదీ స్కోరు పంపితే యూనివర్సిటీకి ఆ తేదీ స్కోరే వెళ్తుంది. మిగతా తేదీల్లో ఎంతొచ్చిందో, అసలు రాశారో లేదో ఆ రిపోర్టులో ఉండదు. ఈ పద్ధతికి స్కోర్‌సెలెక్ట్ అని పేరు. ఇది 2012 జులైలో వచ్చింది. అంతకుముందు ఐదేళ్లలో రాసిన ప్రతి పరీక్ష స్కోరూ, మీరు వద్దనుకున్నా, ప్రతి యూనివర్సిటీకీ వెళ్లేది. ఆ రోజుల్లో వెళ్లిన సీనియర్లకు ఆ భయం ఉండటం సహజం. నియమం మారి ఇన్నేళ్లయినా ఆ భయం మాత్రం కోచింగ్ సెంటర్లలో నోటి మాటగా తిరుగుతూనే ఉంది.

పరీక్షను నడిపే ఈటీఎస్ సంస్థ నియమం ప్రకారం ఒకసారి రాశాక 21 రోజులు ఆగి మళ్లీ రాయొచ్చు. ఏ పన్నెండు నెలలు తీసుకున్నా ఐదుసార్ల వరకు అనుమతి ఉంది. ఐదుసార్లు రాయనిచ్చే పరీక్షలో మూడోసారి రాయడం తప్పెలా అవుతుంది? మన దగ్గర ఎంసెట్‌కు (ఇప్పుడు ఈఏపీసెట్) లాంగ్‌టర్మ్ కూర్చున్న పిల్లల్ని చుట్టాలు చూసే చూపు మీకూ నాకూ తెలుసు. ఆ చూపే అమెరికాలో ప్రొఫెసర్లకూ ఉంటుందని మీరు అనుకుంటున్నారు. అది లేదు. రెండు మూడుసార్లు రాసిన అభ్యర్థుల ఫైళ్లు వాళ్ల ముందుకు మామూలుగానే వస్తుంటాయి.

ఇక మీ విషయంలో ఇప్పటికే జరిగిపోయింది ఏమిటో చూద్దాం. జులైలో పంపిన నాలుగు చోట్ల 307 ఉంది. పంపిన రిపోర్టును వెనక్కి తీసుకోలేం. అక్టోబరులో పంపిన నాలుగు చోట్ల 311 ఒక్కటే ఉంది, అక్కడ జులై సంగతి తెలియదు. అంటే రెండు స్కోర్లూ కనిపించే సమస్య ఉంటే గింటే మొదటి నాలుగు చోట్లే, అదీ మీరు కొత్త స్కోరు కూడా పంపితేనే. పంపితే నష్టమా? కాదు. రెండు స్కోర్లు వచ్చినప్పుడు మెరుగైనదాన్ని తీసుకోవడమే ఎక్కువ విభాగాల అలవాటు. కొన్ని విభాగాలు ఆ మాట తమ ప్రశ్నలూ జవాబుల పేజీలోనే రాస్తాయి. క్వాంట్ 155 నుంచి 164కి వెళ్లడం కంప్యూటర్ సైన్స్ వాళ్లకు మీ గురించి మంచే చెబుతుంది.

కానీ కొత్త రిపోర్టుకు డబ్బు కట్టే ముందు ఒక్క పని చేయండి. ఆ నాలుగు చోట్ల మీరు వేయబోయే ప్రోగ్రామ్ పేజీ తెరిచి జీఆర్‌ఈ గురించి ఏం రాశారో చదవండి. 2020లో కోవిడ్ వచ్చినప్పటి నుంచి చాలా విభాగాలు ఈ పరీక్షను తీసేశాయి. కొన్ని ఐచ్ఛికం చేశాయి, కొన్ని మళ్లీ తెచ్చాయి. ఒకే యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ వాళ్లు వద్దంటే, బిజినెస్ స్కూల్ నడిపే అనలిటిక్స్ కోర్సు వాళ్లు కావాలనవచ్చు. అందుకే యూనివర్సిటీ పేరు కొట్టి వెతికితే చాలదు, ప్రోగ్రామ్ పేజీలోనే చూడాలి. ‘పంపినా చూడం’ అని రాసిన చోట మీ 307 ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. అలాంటి చోటికి డాలర్లు కట్టి కొత్త రిపోర్టు పంపడం వృథా. కొన్ని చోట్ల దరఖాస్తులో మీరే స్కోరు నింపితే సరిపోతుంది, అధికారిక రిపోర్టు సీటు ఇచ్చాక అడుగుతారు. మీ ఎనిమిది పేర్లనూ ఈ కోణంలో చూస్తే, జీఆర్‌ఈ నిజంగా లెక్కలోకి వచ్చేవి ఎన్నో తేలుతుంది. మూడోసారి రాయాలా వద్దా అన్న ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉంటుంది. రెండే అని తేలితే ఆ రెండింటి కోసం ఇంకోసారి పరీక్ష ఫీజు కట్టడం మీకు సబబనిపిస్తుందా? ఆరు అని తేలితే ఆలోచించాల్సిందే.

316 సంగతి. వీలుపడదు. స్కోర్‌సెలెక్ట్‌లో ఎంచుకునేది తేదీని. ఆ తేదీన వచ్చిన వెర్బల్, క్వాంట్, వ్యాసం మూడూ ఒకే కట్టగా వెళ్తాయి. ఇంగ్లిష్ పరీక్ష అయిన టోఫెల్‌లో ఒక్కో సెక్షన్‌లో వచ్చిన ఉత్తమ మార్కులను కలిపి చూపే మైబెస్ట్ పద్ధతి ఉండటం వల్ల చాలామంది ఇక్కడా అలాగే అనుకుంటారు. అయితే ఒక దారి ఉంది. రెండు తేదీలనూ పంపితే, చదివేవాళ్లకు 152 వెర్బల్, 164 క్వాంట్ రెండూ కనిపిస్తాయి. కొన్ని విభాగాలు ఒక్కో సెక్షన్‌లో ఎక్కువ వచ్చినదాన్నే పరిగణిస్తాయి. అలా చేస్తామని పేజీలో రాసిన చోట రెండూ పంపండి, మొదటి నాలుగింటిలో అయితే జులైది ఎలాగూ ఉంది. రాయని చోట అక్టోబరుది ఒక్కటే చాలు.

ఇప్పుడు 320 గురించి. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మీ ఆందోళనకు అసలు మూలం ఈ అంకె దగ్గరే ఉందని నాకు అనిపిస్తోంది. మనం ఇంటర్ నుంచీ ర్యాంకుతో బతికాం. ఎంసెట్‌లో ర్యాంకు వస్తుంది, కౌన్సెలింగ్‌లో ఆ ర్యాంకుకు సీటు తగులుతుంది, మధ్యలో మనిషి నిర్ణయం ఏమీ లేదు. అందుకని జీఆర్‌ఈలోనూ రెండు సెక్షన్లు కలిపేసి ఒక అంకె చేసి, దానికింద యూనివర్సిటీల పేర్లు వరుసగా పేర్చుకుంటాం. ఈటీఎస్ పంపే రిపోర్టులో వెర్బల్, క్వాంట్, వ్యాసం విడివిడిగా, పక్కన పర్సంటైల్‌తో ఉంటాయి. వాటిని మూడు వేర్వేరు కొలతలుగానే చూడాలనీ, కొద్దిపాటి తేడాల మీద నిర్ణయాలు తీసుకోవద్దనీ యూనివర్సిటీలకు ఈటీఎస్ ఇచ్చే మార్గదర్శకాల్లోనే ఉంది. 311 వచ్చిన ఇద్దరిలో ఒకరికి వెర్బల్ 156, క్వాంట్ 155 ఉండొచ్చు. కంప్యూటర్ సైన్స్ కమిటీ ముందు ఆ ఫైలూ మీ ఫైలూ ఒకటి కావు. మీది వాళ్లకు దగ్గరగా ఉంటుంది.

అక్కడ కౌన్సెలింగ్ హాలు ఉండదు, ఫైలు చదవడం ఉంటుంది. డిగ్రీ, జీపీఏ, ఇంగ్లిష్ పరీక్ష కనీస అర్హతలు సరిపోయాయో లేదో ఆఫీసు వాళ్లు చూస్తారు. తర్వాత విభాగంలోని వాళ్లు మార్కుల జాబితా, ఎస్‌ఓపీ (ఈ కోర్సు ఎందుకు చేయాలనుకుంటున్నారో మీరు రాసే వివరణ), సిఫార్సు ఉత్తరాలు, స్కోర్లు పక్కపక్కన పెట్టుకుని చూస్తారు. మీ ఫైలు అలా తెరిస్తే ఏం కనిపిస్తుందో చెప్పనా? క్వాంట్ గురించి జులైలో ఉండే అనుమానం అక్టోబరుతో తీరింది. అయితే అది గొప్ప ఆకర్షణ అనుకోవద్దు. ఇటీవలి పట్టికల్లో క్వాంట్‌లో పూర్తి 170 వచ్చినా 95వ పర్సంటైల్ చేరడం లేదు, అంతమంది బాగా చేస్తున్నారు. 164 తలుపు దగ్గర ఆపదు, అంతవరకే. సీజీపీఏ 7.4, పాసైన ఒక్క బ్యాక్‌లాగ్ పెద్ద అడ్డం కావు. వాళ్లకు వచ్చే అసలు ప్రశ్న వేరే ఉంది. ఈసీఈ చదివిన అమ్మాయి కంప్యూటర్ సైన్స్ ఎంఎస్‌కు సిద్ధంగా ఉందా? డేటా స్ట్రక్చర్స్, ఆల్గారిథమ్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్ చదివిందా? మీ ఉత్తరంలో ఇంత వివరంగా అన్నీ రాశారు గానీ, ఈ సబ్జెక్టుల గురించి ఒక్క మాట లేదు. ఉద్యోగంలో ఏం టెస్ట్ చేస్తున్నారో, స్క్రిప్టులు ఏ భాషలో రాస్తున్నారో కూడా లేదు. జీఆర్‌ఈ ఎన్నిసార్లు రాసినా ఆ ప్రశ్నకు జవాబు దొరకదు. ఎస్‌ఓపీలో, సిఫార్సు ఉత్తరాల్లో, ఎక్కడైనా చేసిన కోర్సులో దొరకాలి.

వెర్బల్ 147 గురించి కప్పిపుచ్చకుండా చెబుతాను. 152 అంటే పరీక్ష రాసినవాళ్ల మధ్యలో ఉన్నట్టు. 147 అంటే మూడింట రెండొంతుల మంది మీకంటే పైన ఉన్నట్టు. మన పిల్లల్లో అది మామూలే కాబట్టి, కంప్యూటర్ సైన్స్‌లో వెర్బల్‌కు బరువు తక్కువ కాబట్టి, దానివల్లే తిరస్కరిస్తారని అనుకోను. కానీ వ్యాసం 3 పక్కన దాన్ని పెట్టి చూస్తే, మీరు రాసిన ఎస్‌ఓపీ మీదేనా అన్న సందేహం రావచ్చు. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. మీరు స్కోరు పంపిన యూనివర్సిటీకి మీ మార్కుతో పాటు, పరీక్షలో మీరు టైప్ చేసిన వ్యాసం కూడా చూసే వీలుంటుంది. పరీక్షలో తడబడుతూ రాసిన ఇంగ్లిష్ ఒక తీరుగా, కన్సల్టెన్సీ వాళ్లు అచ్చు పోసి ఇచ్చిన ఎస్‌ఓపీ మరో తీరుగా ఉంటే చదివేవాళ్లకు తెలియకుండా ఉండదు. అందుకే ఎస్‌ఓపీ మీ మాటల్లోనే, చిన్న చిన్న వాక్యాల్లో ఉండనివ్వండి. తప్పులు దిద్దించుకోండి, రాయించుకోవద్దు.

మరి 147 ఎందుకొచ్చింది? కొంత మీరే చెప్పారు, మూడు నెలలు ముట్టుకోలేదని. కొంత కేవలం ఆ రోజు ప్రభావం. ఒక్కో సెక్షన్‌లో కొలత తేడా సుమారు రెండు పాయింట్లని ఈటీఎస్ తన పట్టికల్లోనే చెబుతుంది. అంటే 152 మీ నిజమైన స్థాయి కంటే కాస్త ఎక్కువ కావచ్చు, 147 కాస్త తక్కువ కావచ్చు. మూడోసారి రాస్తే ఏ ప్రత్యేక శ్రమా లేకుండానే 149, 150 రావచ్చు. అదే లెక్కన 164 కూడా 162కి జారవచ్చు. అలా 149, 162 వస్తే మళ్లీ 311 దగ్గరే ఉంటారు. కాబట్టి ‘ఇంకోసారి రాస్తే పెరగకపోతుందా’ అన్న ఆశతో రాయకండి. వెర్బల్‌లో నాలుగైదు పాయింట్లు, వ్యాసంలో అర పాయింటు పెంచే పని ముందుగా చేసి, అది మాక్ టెస్టులో కనిపిస్తేనే రాయండి. ఈటీఎస్ వాళ్ల పవర్‌ప్రెప్ అనే నమూనా పరీక్షల్లో రెండు ఉచితం. మీరు అవి ఇంతకుముందే వాడేసి ఉంటే డబ్బు కట్టే పవర్‌ప్రెప్ ప్లస్ ఒకటి తీసుకోండి, మూడో పరీక్ష ఫీజుతో పోలిస్తే తక్కువే. ఒక ఆదివారం పొద్దున ఫోను పక్కన పడేసి, మధ్యలో లేవకుండా 1 గంట 58 నిమిషాలూ కూర్చోండి. అసలు పరీక్షలోనూ విరామం లేదు. మాక్‌లో రాని స్కోరు సెంటర్‌లో రావడం అరుదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. మీ ఉత్తరం నా చేతికి నవంబరు మొదట్లో అందింది, అక్కడి నుంచే లెక్క వేస్తున్నాను.

మొదటిది, 311 దగ్గర ఆగిపోవడం. దీనివల్ల నవంబరు, డిసెంబరు పూర్తిగా మీ చేతిలో ఉంటాయి. ఉద్యోగం చేస్తూ రాత్రి రెండు గంటలు దొరికే మీకు ఇది చిన్న లాభం కాదు. ఆ సమయం ఎస్‌ఓపీకి, ఈసీఈ నుంచి ఎందుకు మారుతున్నారో చూపే ఒక మంచి ప్రాజెక్టుకు వెళ్తుంది. నష్టం ఏమిటంటే, జీఆర్‌ఈ తప్పనిసరి అని రాసి, తమ విద్యార్థుల సగటు స్కోర్లు మీకంటే బాగా పైన చూపించే చోట్ల అవకాశం తగ్గుతుంది. ఐచ్ఛికం అన్న చోట పంపాలా వద్దా అన్నది మళ్లీ మీ ఇష్టం. మీ సీజీపీఏకు 164 క్వాంట్ కొంత దన్ను ఇస్తుంది కాబట్టి నేనైతే అక్టోబరు స్కోరు పంపమంటాను.

రెండోది, నవంబరు చివరిలోపు రాయడం. 21 రోజుల గడువు నవంబరు రెండో వారానికి తీరిపోతుంది. అధికారిక స్కోరుకు 8 నుంచి 10 రోజులు పడుతుంది. డిసెంబరు 15 చివరి తేదీ ఉన్నవాటికి అందాలంటే నవంబరు 25 లోపు రాసేయాలి. అంటే మూడు వారాలకు మించి సిద్ధపడే సమయం లేదు. ఆ మూడు వారాల్లోనే ఎస్‌ఓపీ రాయాలి, సిఫార్సులు తెప్పించాలి, ఆఫీసుకూ వెళ్లాలి. నిజం చెప్పాలంటే ఈ దారి నాకు నచ్చలేదు. వెర్బల్ మూడు వారాల్లో కదలడం కష్టం. పదాల జాబితాలు బట్టీపడితే అంత తొందరగా పెరగదు. వెర్బల్‌లో దాదాపు సగం ప్రశ్నలు పేరాలు చదివి జవాబివ్వాల్సినవే. రోజూ రెండు పేరాలు నెమ్మదిగా చదివి, ప్రతి తప్పుకూ కారణం రాసుకుంటే కొన్ని వారాల్లో తేడా వస్తుంది.

మూడోది, డిసెంబరు గడువులకు 311తో వేసేసి, జనవరి మొదట్లో మూడోసారి రాయడం. జనవరి చివర, ఫిబ్రవరి, మార్చి వరకు గడువు ఉన్న ప్రోగ్రాములు చాలా ఉన్నాయి. వాటికి కొత్త స్కోరు అందుతుంది. డిసెంబరులో వేసిన చోట కూడా కొత్త స్కోరు జోడించే వీలుందేమో ఒక ఈమెయిల్ రాసి అడగొచ్చు, కొన్ని చోట్ల తీసుకుంటారు, కొన్ని చోట్ల గడువు దాటాక ఫైలు కదపరు. దీనిలో ఇబ్బంది ఏమిటంటే, సంక్రాంతి దాకా పుస్తకం మూసే వీలుండదు, ఒక పరీక్ష బరువు మోస్తూనే దరఖాస్తులు నింపాలి. మాక్‌లో వెర్బల్ 152, క్వాంట్ 163 తగ్గకుండా రెండుసార్లు వస్తేనే ఈ దారి పట్టండి. నా మొగ్గు మొదటి దారి వైపు ఉంది, మాక్‌లు బాగుంటే దీని వైపు. మీ శక్తి, మీ జీతం, మీ నిద్ర నాకంటే మీకు బాగా తెలుసు.

నాలుగోది, ఈ సంవత్సరం వదిలేసి వచ్చే ఏడాది వెళ్లడం. జీఆర్‌ఈ స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది, 164 ఎక్కడికీ పోదు. ఈ లోపు టెస్టింగ్ నుంచి డెవలప్‌మెంట్ పనికి మారగలిగితే, కంప్యూటర్ సైన్స్ కోర్సులు ఒకటి రెండు చేయగలిగితే మీ ఫైలు ఇప్పటికంటే చాలా గట్టిగా ఉంటుంది. ఇంట్లో పెళ్లి మాట ఎత్తుతున్నారని రాశారు కనుక, ఏడాది ఆగడం మీకు నాకున్నంత తేలిక కాదని తెలుసు. అయినా ఇంటి కాగితాలు తాకట్టు పెట్టి వెళ్లే చదువు గనుక, దొరికిన చోటికి తొందరపడి వెళ్లడం కంటే ఇది మేలయ్యే సందర్భాలు ఉంటాయి. ఈ ఏడాది వేసి చూసి, వచ్చిన అడ్మిట్లు నచ్చకపోతే అప్పుడు ఈ దారి పట్టినా ఆలస్యం కాదు.

క్యాన్సిల్ కొట్టమన్న సలహా మాత్రం తీసుకోకండి. రిపోర్ట్ చేయాలా, క్యాన్సిల్ చేయాలా అని కంప్యూటర్ అడిగేది స్కోరు చూపించక ముందు. చీకట్లో నిర్ణయం అది. పాడుగా రాశానని వణుకుతూ క్యాన్సిల్ చేసినవాళ్లకు నిజంగా ఎంతొచ్చిందో తెలియదు. తర్వాత తెలుసుకోవాలంటే 60 రోజుల్లోపు మళ్లీ డబ్బు కట్టి పునరుద్ధరించుకోవాలి. ఐదుసార్ల లెక్కలో అదీ ఒకటిగా పడుతుంది. స్కోరు చూసుకుని, నచ్చకపోతే ఎవరికీ పంపకుండా ఊరుకునే హక్కు మీకు ఉండగా దాన్ని చెరిపేయడం దేనికి? ఉచితమని అక్కడికక్కడే నాలుగు పేర్లు నింపాలన్న నియమం కూడా లేదు. ఖాళీగా వదిలేసి బయటికి రావొచ్చు.

ఫామ్‌లో అబద్ధం రాయమన్నవాళ్ల దగ్గరికి ఇంకెప్పుడూ వెళ్లకండి. ఎక్కువ దరఖాస్తులు మీరు పంపాలనుకున్న స్కోరు వివరాలే అడుగుతాయి, అక్కడ అక్టోబరుది ఒక్కటే రాయడం తప్పు కాదు, ఆ హక్కును ఈటీఎస్సే ఇచ్చింది. కానీ ఏదైనా ఫామ్ ‘రాసిన అన్ని తేదీలూ’ అని స్పష్టంగా అడిగితే అన్నీ రాయాలి. చివర్లో ‘పైన చెప్పినవన్నీ నిజం’ అని మీరే సంతకం చేస్తారు. అది అబద్ధమని తేలితే ఇచ్చిన సీటు వెనక్కి తీసుకోవచ్చు, చేరాక కూడా చర్య తీసుకోవచ్చు. 307 వల్ల ఏ సీటూ పోదు, అబద్ధం వల్ల పోతుంది. వీసా ఇంటర్వ్యూలో స్కోరు అడిగినా ఇదే వర్తిస్తుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఇంటి దగ్గర నుంచి రాసే పరీక్షలో ‘సహాయం చేస్తాం, 325 గ్యారంటీ’ అని ఎవరైనా మీకు మెసేజ్ పెడితే జవాబు కూడా ఇవ్వకండి. అనుమానం వస్తే స్కోరు వచ్చాక కూడా రద్దు చేసే అధికారం ఈటీఎస్‌కు ఉంది, దానితోపాటు మీ అసలైన 164 మీద కూడా నమ్మకం పోతుంది.

నాన్నగారి విషయం. జులై స్కోరు ఆయనకు ఎవరూ పంపరు, అది మీ ఈటీఎస్ ఖాతాలో మీకు మాత్రమే కనిపిస్తుంది. కాబట్టి బయటపడుతుందన్న భయంతో ఏ నిర్ణయమూ తీసుకోవాల్సిన పని లేదు. అయినా మీరు చెప్పేయడమే మంచిదని నాకు అనిపిస్తోంది. వచ్చే కొన్ని నెలల్లో లోను కాగితాల మీద ఆయన సంతకం పెట్టాలి, ఏ యూనివర్సిటీ అని మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి. ఆ మాటల్లో ఒక్కో అంకె దగ్గర మీరు తడుముకుంటే మీకు ఊపిరాడదు. ‘నాన్నా, జులైలో రాశాను, 307 వచ్చింది, మీరు బాధపడతారని చెప్పలేదు. క్వాంట్‌లో తొమ్మిది పాయింట్లు పెంచుకున్నాను’ అని చెప్పండి. రోజంతా అప్పు ఖాతాలు రాసే మనిషికి ఒకసారి తగ్గి మరోసారి పెరగడం కొత్త కాదు. చుట్టాలకు ఆయన ఏం చెప్పుకుంటారో ఆయన ఇష్టం, అది మీరు మోయాల్సిన బరువు కాదు.

మూడోసారి రాసినా మానినా ఈ వారంలోనే చేయాల్సిన పని ఒకటుంది. కాలేజీలో మీకు డిజిటల్ సిస్టమ్స్ గానీ, సి ప్రోగ్రామింగ్ గానీ చెప్పిన సార్‌నో మేడమ్‌నో, మీ టీమ్ లీడ్‌నూ సిఫార్సు ఉత్తరం కోసం అడగండి. సెమిస్టర్ పరీక్షలు మొదలయ్యాయంటే వాళ్లకు తీరిక దొరకదు. యూనివర్సిటీ లింకు వాళ్ల సొంత ఈమెయిల్‌కే వస్తుంది, స్పామ్‌లో పడుతుంటుంది, పంపిన మర్నాడు ఫోన్ చేసి చూసుకోమనండి. మీరు చేసిన ప్రాజెక్టు, వచ్చిన మార్కులు, కంప్యూటర్ సైన్స్‌కు ఎందుకు మారుతున్నారో ఒక పేజీలో రాసి వాళ్లకివ్వండి. జేఎన్‌టీయూ ట్రాన్‌స్క్రిప్టులకు ఇంకా పెట్టకపోతే అదీ ఈ వారమే పెట్టేయండి.